కూలెంట్ తగ్గుతా ఉంది, కింద చుక్క పడదు: పాత హైబ్రిడ్ కార్లపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ పూట సెకండ్ హ్యాండ్‌లో కొన్న హైబ్రిడ్ కార్ల గురించి, అంటే పెట్రోలు ఇంజన్, కరెంటు మోటరు రెండూ ఉండే కార్ల గురించి మాట్లాడుకుందాం. హైబ్రిడ్ బండ్లు రిపేరు చేసే సీనియర్ మెకానిక్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ తిరుపతి కొర్లగుంట నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. నాది టయోటా ప్రియస్ హైబ్రిడ్, 2011 మోడల్. బెంగళూరులో కొన్నా. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగుంది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతా ఉంది సార్, నెలకు అర లీటరు పోస్తా ఉండా. కింద ఒక్క చుక్క కనపడదు. మొన్న కొండకు పోతా ఉంటే ఇంజన్ వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగింది.

మెకానిక్: వెలిగినాక ఏం చేసినారు?

కాలర్: పక్కన ఆపి, చల్లారినాక నీళ్ళు పోసి పైకి పోయినాం.

మెకానిక్: ఏం నీళ్ళు?

కాలర్: ఆ రోజు క్యాన్ నీళ్ళు. అంతకుముందు ఇంట్లో బోరు నీళ్ళు పోసినా.

మెకానిక్: బోరు సంగతికి మళ్ళీ వస్తా. బానెట్ లోపల రెండు కూలెంట్ డబ్బాలు ఉంటాయి స్వామీ. మీది ఏది తగ్గుతా ఉంది?

కాలర్: రెండా? నేను ఒకటే చూసినా సార్.

మెకానిక్: చాలామంది ఒకటే చూస్తారు. ఆరెంజ్ రంగు లావు వైర్లు పోయే వెండి రంగు పెట్టె ఉంటుంది చూడండి, అది ఇన్వర్టర్, బ్యాటరీ కరెంటును మోటరుకు పనికొచ్చేటట్టు మార్చేది. దానికి వేరే డబ్బా, వేరే పంపు. ఇంజన్‌కు వేరే డబ్బా, వేరే పంపు. ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లోకి పోవు. ఇంజన్ వైపు పట్టేది సుమారు 7 లీటర్లు, ఇన్వర్టర్ వైపు దానికంటే చాలా తక్కువ. రేపు పొద్దున బండి స్టార్ట్ చేయకముందు రెండు డబ్బాల మీదా టేపు అంటించి గీత పెట్టండి. వారం పాటు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చూడండి. వేడి మీద మట్టం పైకి వస్తుంది, అది లెక్కకు రాదు. ఆ వారం కొండకు పోవద్దు, మట్టం డబ్బా మీది 'లో' (LOW) గీత కిందికి పోతే బండి ఆపేయండి. ఇంకోటి అడుగుతా. పొద్దున ఇంజన్ మొదటిసారి అందుకున్నప్పుడు వణుకుతాదా?

కాలర్: అవును సార్! అర నిమిషం దడదడలాడి తర్వాత సర్దుకుంటుంది. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ పోయిందంటే అది కూడా మార్పించినా.

మెకానిక్: మౌంటింగ్ అయ్యుంటే మధ్యాహ్నం కూడా వణకాల. పొద్దున మాత్రమే వణుకు, కింద చుక్క లేదు, నెలకు అర లీటరు మాయం. ఈ మూడూ కలిస్తే నా అనుమానం హెడ్ గ్యాస్కెట్ మీదే, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింద సిలిండర్ల దిమ్మెకూ మధ్య ఉండే సీలు. బండి వేడిగా ఉన్నప్పుడు ఆపుతారు. లోపల ఒత్తిడి ఇంకా ఉంటుంది. ఆ ఒత్తిడికి గ్యాస్కెట్‌లో సన్నటి సందు గుండా కూలెంట్ సిలిండర్‌లోకి కారి, రాత్రంతా పిస్టన్ మీద నిలబడుతుంది. పొద్దున ఆ సిలిండర్ ప్లగ్గు తడిసి మంట అందుకోదు, అందుకే దడ. కాలి ఆవిరైపోయినాక మామూలే. నీళ్ళు సైలెన్సర్ గుండా పోతా ఉంటే కింద చుక్క ఎట్ల పడుతుంది?

యాంకర్: అయితే నేరుగా హెడ్ దించేయడమేనా?

మెకానిక్: లేదండి, నిరూపించుకోకుండా హెడ్ మీద చెయ్యి వేయకూడదు. ముందు కింద ప్లాస్టిక్ కవర్ విప్పించండి. లీకైన నీళ్ళు ఆ కవర్ మీదే నిలబడి ఆరిపోతాయి, నేల మీదికి రావు. రేడియేటర్ అంచులు, హోస్ పైపు క్లిప్పులు, వాటర్ పంపు చుట్టూ గులాబీ రంగు పొడి మరక కట్టి ఉందేమో టార్చి వేసి చూడాల. కారు లోపలికి వేడి గాలి ఇచ్చే హీటర్ కోర్ లీకైతే ముందు సీటు కాళ్ళ దగ్గర మ్యాట్ తడుస్తుంది, తియ్యటి వాసన వస్తుంది.

అవేవీ లేకుంటే ప్రెషర్ టెస్టు. చల్లటి బండికి, మూత స్థానంలో చేతిపంపు బిగించి గాలి కొట్టాల. ఎంత కొట్టాలో మూత మీదే రాసి ఉంటుంది, అంతకు మించి కొట్టద్దు. అరగంటలో ముల్లు పడిపోయి బయట తడి లేకుంటే లోపలికి పోతున్నట్టే. కొన్ని అరగంటలో బయటపడవు, అట్లాంటప్పుడు రాత్రంతా ఒత్తిడిలో పెట్టేయాల. పొద్దున స్టార్ట్ చేయకుండా నాలుగు ప్లగ్గులూ తీసి సన్న కెమెరా లోపలికి దించి చూడాల. మూడు పిస్టన్లు మసిబారి ఉండి ఒకటి కడిగినట్టు మెరుస్తా ఉంటే, దొంగ దొరికినట్టే. ఈ బండిలో ప్లగ్గుల దాకా చెయ్యి పోవాలంటే వైపర్ల కింద ప్లాస్టిక్ గూడు అంతా విప్పాల. ఆ పని ఎగ్గొట్టడానికే చాలా షెడ్లలో ప్లగ్గులు చూడకుండా మౌంటింగ్ అనేస్తారు.

కాలర్: నీలం నీళ్ళ టెస్టు అని ఒకాయన చెప్పినాడు సార్.

మెకానిక్: అది కూడా మంచిదే. డబ్బా మూతి మీద గొట్టం పెట్టి, లోపలి గాలిని నీలం ద్రవం గుండా లాగుతారు. మండిన గ్యాసు కలిస్తే నీలం పసుపు అవుతుంది. చిక్కేమంటే, ఆగిన హైబ్రిడ్‌లో ఇంజన్ కాసేపటికే ఆగిపోతుంది, టెస్టు సాగదు. మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాల. బ్రేకు తొక్కకుండా పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కరెంటు వస్తుంది, బండి కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు రాదు. అక్కడి నుంచి 60 సెకన్ల లోపల, గేరు పీ (పార్క్)లో ఉంచి యాక్సిలరేటర్ రెండుసార్లు పూర్తిగా తొక్కాల, ఎన్ (న్యూట్రల్)లోకి మార్చి రెండుసార్లు, మళ్ళీ పీలోకి వచ్చి రెండుసార్లు. అప్పుడు బ్రేకు తొక్కి స్టార్ట్ చేస్తే ఇంజన్ ఆగకుండా తిరుగుతుంది. ఆ మోడ్‌లో బండి రోడ్డెక్కించద్దు, ట్రాన్స్‌మిషన్ పాడైపోతుంది. పని అయినాక ఆఫ్ చేస్తే మోడ్ పోతుంది.

ఇంకో హెచ్చరిక. దడ ఎక్కువైన రోజు పదే పదే స్టార్ట్ కొట్టద్దు. ఈ బండికి మామూలు స్టార్టర్ లేదు, పెద్ద మోటరే ఇంజన్‌ను బలంగా తిప్పేస్తుంది. సిలిండర్ నిండా నీళ్ళుంటే నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అప్పుడు గ్యాస్కెట్ ఖర్చుతో పోదు, ఇంజన్ మార్చాల.

యాంకర్: అసలు గ్యాస్కెట్ ఎందుకు పోతుందండి?

మెకానిక్: ఈ మోడల్‌లో నేను మొదట పట్టుకునేది ఈజీఆర్ కూలర్‌ను. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్ళీ ఇంజన్‌లోకి పంపే భాగం అది, మంట వేడి తగ్గడానికి. లోపల సన్నటి రెక్కలుంటాయి, ఏళ్ళ మీద మసి పేరుకుని మూసుకుపోతాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో చిన్న రంధ్రం ఉంటుంది, అవి కూడా ఒకటి తెరిచి ఒకటి మూసి తయారవుతాయి. ఆ గ్యాసు అందని సిలిండర్‌లో వేడి పెరిగి నాకింగ్, అంటే వేళ కాని వేళ పేలినట్టు మండడం, వస్తుంది, అక్కడ గ్యాస్కెట్ నలుగుతుంది. అందుకని హెడ్ దించినప్పుడు కూలర్, వాల్వు, పైపు, మానిఫోల్డ్ రంధ్రాలు నాలుగూ కడగకుండా బిగిస్తే, అదే జబ్బు మళ్ళీ వస్తుంది. కూలర్‌ను మసి కరిగించే మందులో నానబెట్టి, నీళ్ళు పోస్తే అడ్డం లేకుండా ధారగా పోయేదాకా కడగాల. హెడ్‌ను లేత్ షాపులో వంపు చూపించాల, హెడ్ బోల్టులు కొత్తవి వేయాల. పాత బోల్టులతో సరిపెడతామంటే ఆ షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోండి.

కాలర్: ఊర్లో తిరిగితే ఏమీ ఉండదు సార్, కొండెక్కితేనే ఎందుకు లైటు?

మెకానిక్: ఊర్లో ఇంజన్ సగం సేపు నిద్రపోతా ఉంటుంది. పైకి పోయే ఘాట్ దాదాపు 18 కిలోమీటర్లు. అలిపిరి దాటిన కొద్దిసేపటికే బ్యాటరీ దిగిపోయి, మిగతా దోవంతా 1.8 లీటర్ల ఇంజనే మోయాల. మట్టం తక్కువున్న బండి అక్కడ దొరికిపోతుంది. ఈ కారుకు వేడి చూపించే ముల్లు కూడా లేదు, ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యం. కారు సాకెట్‌కు తగిలిస్తే ఇంజన్ వేడిని ఫోన్‌లో చూపించే ఓబీడీ బ్లూటూత్ ముక్క ఒకటి కొనిపెట్టుకోండి. 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఆడతా ఉంటే నిశ్చింత. 100 దాటి ఎక్కుతా ఉంటే ఏసీ ఆపి నెమ్మదించండి, 110కి వస్తే ఎక్కడుంటే అక్కడ పక్కకు తీసి ఆపేయండి. వేడి మీద మూత మాత్రం తిప్పద్దు, మొహం కాలుతుంది.

మట్టం సరిగ్గా ఉండి కూడా వేడి ఒక్కసారిగా లేస్తే అది వేరే కథ. ఈ ఇంజన్‌కు బెల్టే లేదు, వాటర్ పంపు కూడా కరెంటుదే. పంపు తిరుగుతా ఉందో లేదో, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో దాని వేగం చూస్తే తెలిసిపోతుంది.

యాంకర్: బోరు నీళ్ళ సంగతి అన్నారు...

మెకానిక్: ఆ. ఈ గులాబీ కూలెంట్‌లో ఫాస్ఫేట్ ఉంటుంది. మన ఉప్పు బోరు నీళ్ళలో ఉండే సున్నం దానితో కలిస్తే గట్టి మడ్డి అయి రేడియేటర్ సన్న గొట్టాల్లో కూర్చుంటుంది. కలిపి అమ్మేది నేరుగా పోయండి. చిక్కటిదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్. ఆకుపచ్చది కలపద్దు. లీకు మాన్పే పొడులు, మందులు అసలే వద్దు, హీటర్ కోర్ పూడిపోతుంది. మీరు రిపేరు అయినాక మొత్తం ఫ్లష్ చేయించండి.

యాంకర్: చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అన్నా. మాది హైబ్రిడ్ కేమ్రీ, 2014. పలమనేరు పోతా మొగిలి ఘాట్‌లో హైబ్రిడ్ సిస్టమ్ వేడెక్కిందని మెసేజ్ వచ్చింది. ఇంజన్ డబ్బా నిండుగానే ఉండాది.

మెకానిక్: ఇన్వర్టర్ డబ్బా చూసినారామ్మా?

కాలర్: అది కూడా గీత దాకా ఉండాది.

మెకానిక్: అయితే రెడీ లైటు వచ్చినాక, బండి చల్లగా ఉన్నప్పుడే, ఇన్వర్టర్ డబ్బా మూత తీసి టార్చితో చూడండి. నీళ్ళు కదలతా, సుడి తిరగతా ఉండాల. నిశ్చలంగా ఉంటే ఇన్వర్టర్ పంపు పోయింది, లేదా ఫ్యూజు, లేదా లోపల గాలి చిక్కుకుంది. స్కానర్‌లో పి 0 ఏ 93 కోడు కనపడితే అనుమానం ఇటువైపే. కదులుతా ఉంటే రేడియేటర్ ముందు వరుసలో పురుగులు, దుమ్ము ఉందేమో చూడండి. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పోయే జాలీ కూడా. దాని మీద బ్యాగులు, దిండ్లు పెట్టినా బ్యాటరీ వేడెక్కుతుంది.

కాలర్: ఇంట్లోనే మార్చుకోవచ్చా పంపు?

మెకానిక్: పంపు 12 వోల్టులదే, దానిదాకా పర్వాలేదు. ఆరెంజ్ వైర్లు, ఇన్వర్టర్ మూత జోలికి పోవద్దు. అక్కడ పని ఉంటే ముందే ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, పెద్ద బ్యాటరీ కరెంటును తెంపే సర్వీస్ ప్లగ్ పీకి 10 నిమిషాలు ఆగి, వోల్టేజి లేదని మీటర్‌తో చూసుకుని చేసేవాళ్ళకే ఇవ్వండి. పంపు మార్చినాక గాలి పూర్తిగా తీయించండి, నీళ్ళలో బుడగలు ఆగేదాకా.

యాంకర్: చివరి కాల్, శ్రీకాళహస్తి.

కాలర్: సార్, పాత ప్రియస్ ఒకటి బేరంలో ఉంది. ఏం చూసి కొనాల?

మెకానిక్: పొద్దున ఏడింటికి పోతామని చెప్పండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయద్దనండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టినారు, ఇంకో రోజు రండి. చల్లగా ఉంటే రెండు డబ్బాలూ చూడండి: రంగు గులాబీగా ఉందా, తుప్పు రంగు నీళ్ళా, నూనె తెట్టు ఉందా. స్టార్ట్ చేసి మొదటి నిమిషం దడ, తెల్ల పొగ గమనించండి. స్కానర్ పెట్టి పి 0301 నుంచి పి 0304 దాకా సిలిండర్‌లో మంట అందుకోలేదని చెప్పే పాత మిస్‌ఫైర్ కోడ్లు, పి 0401 ఈజీఆర్ కోడు వెతకండి. కోడ్లన్నీ నిన్ననే తుడిచేసినట్టు కనపడితే ధర అడగకుండానే వచ్చేయండి. ఈ కూలెంట్ మొదటిసారి 1,60,000 కిలోమీటర్లకు, తర్వాత ప్రతి 80,000కు మార్చాల. ఆ బిల్లు, ఈజీఆర్ కడిగించిన బిల్లు చూపిస్తే ఆ బండికి పది వేలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

కాలర్: ట్రయల్‌కు కొండకు తీసకపోయి దిగతా ఉంటే ఇంజన్ గట్టిగా అరిచింది సార్. అది కూడా వేడేనా?

మెకానిక్: కాదు. దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే, పెట్రోలు లేకుండా ఇంజన్‌ను ఊరికే తిప్పి బ్రేకులాగా వాడుకుంటుంది. అది బండి గుణం, జబ్బు కాదు. ఫోన్‌లో వేడి 95 లోపలే ఉంటే దాన్ని పట్టించుకోవద్దు, పొద్దుటి స్టార్ట్ మీద దృష్టి పెట్టండి.