వాల్వు తిప్పితే గ్యాసు యాడికి పోతాది?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. మాట్లాడినవారు: ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో ఏసీలు చూసే మెకానిక్. మెకానిక్ గారి యాసను దిద్దలేదు. దిద్దితే రుచి పోతుంది.)

యాంకర్: సెప్టెంబరు 16ను ఓజోన్ దినం అంటున్నారు. ఆ తేదీనే ఎందుకు సార్?

లెక్చరర్: 1987లో ఆ రోజే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అంతకు ముందు 1985లో వియన్నాలో ఒకటి జరిగింది. ఎండలోని హానికర కిరణాల్ని పైనే ఆపే ఓజోన్ పొరను కాపాడుకుందాం, కలిసి పరిశోధిద్దాం అన్నారు. ఓజోన్‌ను చెడగొట్టే గ్యాసుల్లో ఏది ఎప్పటికి ఎంత తగ్గించాలో మాత్రం అందులో లేదు. పెళ్లిమాటలు అయ్యాయి గానీ లగ్నం పెట్టుకోలేదు. లగ్నం మాంట్రియల్‌లో పెట్టారు.

మెకానిక్: మాకు ఆ గ్యాసులన్నీ నంబర్లే సార్. ఆర్-12 అంటే పాత ఫ్రిజ్జు, ఆర్-22 అంటే పాత ఏసీ. నేను పని నేర్చుకునేటప్పుడు మా మేస్త్రి ఆర్-12ను పైపుల్లో దుమ్ము ఊదేదానికి గూడా వాడేవాడు. నిప్పంటుకోదు, తుప్పు పట్టించదు, శానా మంచి గ్యాసు అనేవాడు.

లెక్చరర్: ఆ మంచితనమే కొంప ముంచింది. కింద దేనితోనూ కలవదు, వానకు కరగదు. వందేళ్ల దాకా గాల్లోనే ఉంటుంది. మెల్లగా పైకి చేరాక అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్ బయటపడుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువుల దాకా చెడగొట్టగలదు. 1974లోనే మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి హెచ్చరించారు. అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించాక గానీ దేశాలు గట్టిగా కదల్లేదు.

యాంకర్: చిత్తూరు రోడ్డులో గాదంకి టోల్‌గేటు దగ్గర రాడార్ ఉంది కదా, అది చూసేదీ ఓజోన్‌నేనా?

లెక్చరర్: అది ముఖ్యంగా గాలుల్ని చూస్తుంది. మైదానంలో 1024 యాంటెన్నాలు వరసలు కట్టి ఉంటాయి. అయితే సంబంధం లేకపోలేదు. కింది గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి, అంటే ఓజోన్ ఉండే పై పొరలోకి ఎక్కే ముఖ్యమైన దారి మన ఉష్ణమండలంలోనే ఉంది. మన నెత్తిమీద పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది ఆ గడప.

మెకానిక్: అంటే నేను లాడ్జి మిద్దె మీద వదిలింది...

లెక్చరర్: వెంటనే కాదులే. ముందు లోకమంతా తిరుగుతుంది. కొన్నేళ్లకు ఏదో ఒక గడప దాటుతుంది.

యాంకర్: మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో గానీ చేరలేదు. ఎందుకంత ఆలస్యం?

లెక్చరర్: నిక్కచ్చిగా బేరమాడాం, అది తప్పేమీ కాదు. గ్యాసులు ఎక్కువగా వాడింది ధనిక దేశాలు. మార్చుకునే ఖర్చు మేమెందుకు భరించాలని భారత్, చైనా పట్టుబట్టాయి. 1990లో లండన్‌లో నిధి ఏర్పాటుకు ఒప్పుకున్నారు. మనలాంటి దేశాలకు పదేళ్ల గడువు ముందే ఉంది. చేరని దేశంతో ఆ గ్యాసుల వ్యాపారం చేయకూడదన్న షరతు ఇంకో పక్క. ఇప్పుడు 198 సభ్యులున్నారు, బయట ఎవరూ లేరు.

మెకానిక్: ఆ నిధి మా దాకా వచ్చింది సార్, అబద్ధం ఎందుకు? ఒక ట్రైనింగుకు పోయినా. సర్టిఫికెట్ ఇచ్చినారు, భోజనం గూడా బాగుండింది. పాత గ్యాసును లాగి సిలిండర్లోకి నింపే రికవరీ మిషన్ చూపించినారు. చూపించి మళ్లీ పెట్టెలో పెట్టేసినారు. (నవ్వులు)

యాంకర్: ఇప్పుడు కొత్త ఏసీలన్నీ ఆర్-32 అంటున్నారు. గొడవ తీరినట్టేనా?

లెక్చరర్: ఓజోన్ వరకు తీరినట్టే. వేడి సంగతి వేరు. ఆర్-32 కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 675 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆర్-22 అయితే 1800 రెట్లు. అందుకే 2016లో రువాండాలోని కిగాలీలో సవరణ తెచ్చారు. ఆర్-32 లాంటి గ్యాసుల్ని మనం 2032 నుంచి తగ్గిస్తూ 2047కు 85 శాతం కోయాలి. ఇక అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి రావడానికి 2066 దాకా పడుతుందని అంచనా.

మెకానిక్: మా మనవళ్లు చూస్తారేమో. నా సంగతి రేపటిది సార్. ఒక లాడ్జిలో పద్నాలుగు పాత ఏసీలు ఇప్పాల, అన్నీ ఆర్-22వే. కంప్రెసర్ తిరిగేటివైతే లిక్విడ్ వాల్వు మూసి నడిపిస్తే గ్యాసంతా బయటి యూనిట్లోకి వచ్చేస్తాది. గేజు ముల్లు సున్నాకు దిగినాక రెండో వాల్వు గూడా మూసేస్తే అయిపాయె. దానికి ఏ మిషనూ అక్కర్లేదు.

యాంకర్: మరి ఇబ్బంది ఏముందన్నా?

మెకానిక్: మూడింటికి కంప్రెసర్ కాలిపోయింది. అవి తిరగవు. మిషన్ బాడుగకు తెస్తానంటే ఓనరు, తుక్కుకు పొయ్యేదానికి ఖర్చెందుకు, సాయంత్రానికి రూములు కావాల అంటాడు.

లెక్చరర్: అయితే ఆ మూడూ?

మెకానిక్: నట్టు కొంచెం వదులు చేస్తే బుస్సుమంటాది సార్. చెయ్యి చల్లగా అయిపోతాది. రెండు నిమిషాలు, అంతే.