సౌనా గదిలో బియ్యం బస్తా

సభకు నమస్కారం. సంక్రాంతి పేరుతో ఫిన్లాండ్‌లోని ఈ తాంపెరే నగరపు తెలుగువారిని ఒకచోట చేర్చిన నిర్వాహకులకు, ఇంత మంచులో పసిపిల్లలను ఎత్తుకుని వచ్చిన తల్లులకు, లోపల ఇంకా అరిసెలు సర్దుతున్నవారికి నా కృతజ్ఞతలు. నాకు ఇచ్చిన అంశం చలికాలంలో తీసుకోవలసిన జాగ్రత్తలు. జారని బూట్లు కొనుక్కోండి, విటమిన్ డి వేసుకోండి, చీకట్లో కార్లవారికి కనబడేలా కోటుకు మెరిసే బిళ్ల తగిలించుకోండి. ఆ అంశం ఇంతటితో అయిపోయింది. మిగిలిన సమయాన్ని, నిర్వాహకుల అనుమతి అడగకుండానే, సౌనాకు, అంటే పొయ్యిమీద కాలిన రాళ్లపై నీళ్లు పోసి ఆవిరి పట్టే ఇక్కడి వేడిగదికి, వాడుకుంటాను.

ఈ మధ్య నేను భోజనానికి వెళ్లిన తెలుగు ఇళ్లలో స్నానాలగది పక్కనున్న సౌనా తలుపు తీస్తే బియ్యం బస్తాలు, ఖాళీ సూట్‌కేసులు, ఆవకాయ జాడీలు కనిపించాయి. 55 లక్షల జనాభాకు 30 లక్షల వరకూ సౌనాలున్న ఈ దేశంలో, అద్దెలో భాగంగా దొరికిన ఆ గదిని మనం కొట్టుగదిగా మార్చుకున్నాం. ఫిన్లాండ్ వారిలోనూ ఇలా చేసేవారు లేకపోలేదు. అందుకే ఇక్కడి అగ్నిమాపక శాఖవారు సౌనాలో సామాను పెట్టవద్దని పదే పదే హెచ్చరిస్తుంటారు. తెలియక ఎవరి చెయ్యో తగిలి మీట తిరిగితే, విద్యుత్తు పొయ్యికి తన మీద ఉన్నది రాయో సూట్‌కేసో తెలియదు.

నా మొదటి సౌనా సంగతి చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది ఏ సంకోచంతో వెనక్కి తగ్గుతున్నారో ఆ సంకోచంతోనే నేనూ వెళ్లాను. సహోద్యోగి ఒకరు జూన్ చివర, నడివేసవి పండుగకు, సరస్సు ఒడ్డున ఉన్న తమ కుటుంబపు కుటీరానికి పిలిచారు. ముందు ఆడవాళ్లు వెళ్లి వచ్చారు, తరువాత మగవాళ్ల వంతు. తువ్వాలు చుట్టుకునే లోపలికి వెళ్లాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అసలు ఎవరూ నా వంక చూడనేలేదు. పైమెట్టు మీద వేడి ఎక్కువని చెప్పి, సహోద్యోగి తండ్రి నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టారు. నీళ్లు పోయనా అని అందరినీ అడిగి, చెక్క గరిటెతో పొయ్యిమీది రాళ్లపై కొద్దిగా పోశారు. చప్పుడు క్షణంలో ఆగిపోయింది, ఆవిరి మాత్రం పైకప్పు దాకా వెళ్లి, మెల్లగా దిగి, ముందు చెవుల అంచులకు తగిలింది. ఊపిరి ముక్కుతో పీల్చలేక నోటితో పీల్చాను. పచ్చి భూర్జ కొమ్మలను కట్టగా కట్టి, నీళ్లలో నానబెట్టి వీపు మీద కొట్టుకుంటుంటే, ఆ ఆకుల వాసనతో గది నిండిపోయింది. తాంపెరే వైపు ఆ కట్టను విహ్తా అంటారు, తూర్పువారు వాస్తా అంటారు. ఏది సరైన పేరో వారిలో వారు ఈనాటికీ తేల్చుకోలేదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆ పెద్దాయన, తాను పుట్టింది ఇలాంటి సౌనాలోనేనని ఎంతో మామూలుగా చెప్పారు. వారి పల్లెల్లో పురుళ్లు అక్కడే పోసేవారు, ఎందుకంటే ఇంటి మొత్తంలో వెచ్చనిదీ, శుభ్రమైనదీ, వేడినీళ్లు చేతికందేదీ ఆ గది ఒక్కటే. చనిపోయినవారికి చివరి స్నానమూ అక్కడే చేయించేవారు. సౌనాలో గుడిలో ఉన్నట్టు మెలగాలని, అంటే వారి చర్చిలో ఉన్నట్టు మెలగాలని, వారికొక సామెత ఉంది. ఆ సంగతి విన్న తరువాత తువ్వాలు గురించిన నా బెంగ చాలా చిన్నదిగా తోచింది.

దయచేసి వినండి, వెనుక వరుసలోని అబ్బాయిలూ మీరు కూడా. ఆఫీసు సౌనా సాయంత్రానికి పిలిస్తే జలుబని అబద్ధం చెప్పేవారు మనలో ఉన్నారు. ఆరోగ్య లాభాల గురించి అడిగేవారూ ఉన్నారు. ఈ దేశంలోని కువోపియో నగరం వైపు మధ్యవయసు పురుషులను 20 ఏళ్లకు పైగా గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనాకు వెళ్లినవారిలో హఠాత్ గుండె మరణాలు తక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ ఆ పెద్దాయన గుండె కోసం వెళ్లలేదు, ఆ రోజు శనివారం, ఇక్కడివారికి ఆనవాయితీగా సౌనా రోజు, కనుక వెళ్లారు. 2020 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది ఈ అలవాటునే. జిమ్ముల్లో, హోటళ్లలో రాళ్లపై నీళ్లు పోయరాదని బోర్డు పెట్టి, సౌనా అని డబ్బు వసూలు చేసే పెట్టెలను నేను లెక్కలోకి తీసుకోను.

మన ఊరిలోనే, పిస్పలా గుట్ట మీద, 1906 నుంచి నడుస్తున్న రాయాపోర్తి సౌనా ఉంది. ఈ దేశంలో ఇంకా పనిచేస్తున్న ప్రజా సౌనాలలో అదే పాతది. ఇళ్లలో స్నానపు వసతి లేని కార్మికుల పేటలో పుట్టింది. ఇప్పటికీ కట్టెలతోనే రాళ్లు కాలుస్తారు, ఆడవారికీ మగవారికీ వేరువేరు. చలికాలంలో కూడా జనం తువ్వాళ్లతో పెరట్లో కూర్చుని ఒంటి నుంచి పొగలు వస్తుండగా కబుర్లు చెప్పుకుంటారు. ఎవరు ఇంజనీరో ఎవరు బస్సు డ్రైవరో ఆ పెరట్లో చెప్పడం కష్టం.

వచ్చే శనివారం నేను అక్కడికి వెళుతున్నాను, రాదలచినవారు భోజనాల దగ్గర నాకు పేరు ఇవ్వండి. రెండు తువ్వాళ్లు తెచ్చుకోండి, ఒకటి కూర్చోవడానికి. మెడలో గొలుసులు, ఉంగరాలు తీసేసి రండి, లోహం కాలుతుంది. ముందు స్నానం చేసి లోపలికి రావాలి, మంచినీళ్లు బాగా తాగాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగి రావాలి. మొదటిసారి అందరూ కింది మెట్టు మీదే, పైమెట్టు పందేలు వద్దు.