నేర్చుకునే గంటను ఎవరి ఖాతాలో రాస్తున్నాం?

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహక మిత్రులకు, సెలవు రోజు ఇంట్లోవాళ్లను ఒప్పించుకుని వచ్చిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. విశాఖ పక్కనున్న పరవాడ, అచ్యుతాపురం వాళ్లు ఎలాగూ ఉన్నారు, హైదరాబాద్ వైపు పాశమైలారం, జీడిమెట్ల నుంచి రాత్రి రైలెక్కి వచ్చినవాళ్లు కూడా కనిపిస్తున్నారు. హెచ్‌ఆర్ వాళ్లు, ట్రైనింగ్ వాళ్లు, నాణ్యత చూసే క్యూఏ వాళ్లు, ముందు వరసలో ప్లాంట్ హెడ్లు. ఇంతమంది ఒకచోట దొరకడం అరుదు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం, ఫార్మా కంపెనీల్లో ఆన్‌లైన్ శిక్షణకు యాజమాన్యాన్ని ఎలా ఒప్పించాలి అన్నది. స్లైడ్లు తయారు చేశాను, పెన్‌డ్రైవ్ నిర్వాహకుల దగ్గరుంది, కావలసినవాళ్లు కాపీ చేసుకోండి. ఇక్కడ మాత్రం ఒక ఎక్సెల్ షీట్ గురించి మాట్లాడతాను. ఇంకా చెప్పాలంటే అందులో ఒక గడి గురించి.

మన పరిశ్రమలో శిక్షణ ఎందుకు అని ఎవరూ అడగరు. అమెరికాకు మందు పంపాలంటే వాళ్ల ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రూలు 211.25 ఉంది, జీఎంపీ, అంటే మందుల తయారీలో పాటించాల్సిన మంచి పద్ధతుల, శిక్షణ ఒకసారి ఇచ్చి వదిలేస్తే కుదరదు, తగినంత తరచుగా ఇస్తూనే ఉండాలి అంటుంది. మన దగ్గర 2023 డిసెంబరు చివర్లో సవరించిన మందుల తయారీ నిబంధనలు, షెడ్యూల్ ఎం, కూడా అదే అడుగుతున్నాయి. కాబట్టి ఇవ్వాలా వద్దా అన్న చర్చ లేదు. ఎలా ఇస్తున్నాం అన్నదే చర్చ. ఎలా ఇస్తున్నామో మీకు తెలుసు. పని ఎలా చేయాలో ఇంగ్లీషులో రాసిన ఇరవై ముప్ఫై పేజీల ఎస్‌ఓపీ, చివరి పేజీలో ‘చదివి అర్థం చేసుకున్నాను’ అని సంతకం. ఐటీఐ చదివిన కుర్రాడు, పదో తరగతితో ఆపేసిన ప్యాకింగ్ అమ్మాయి, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్ట్ వర్కరు, అందరిదీ అదే సంతకం. ఆ కాగితం ఫైల్లోకి వెళుతుంది, ఫైలు ఆడిటర్ దగ్గరికి వెళుతుంది. అందుకే నేను ఆన్‌లైన్ శిక్షణ వైపు గట్టిగా నిలబడతాను. తెలుగులో, ఒడియాలో, హిందీలో, తాము పనిచేసే మెషీన్ మీదే తీసిన చిన్న వీడియో, మర్చిపోతే మళ్లీ చూసుకునే వీలు. నేర్చుకున్నది ఎంత తొందరగా మరుపున పడుతుందో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ 1885లోనే తన మీద తనే పరీక్షలు చేసుకుని రాశాడు. ఏడాదికోసారి నాలుగు గంటలు కూర్చోబెట్టి చెప్పేదానికంటే, కొన్నాళ్లకోసారి పది నిమిషాలు గుర్తుచేయడం మేలు. క్లాస్‌రూమ్‌లో అది కుదరదు. మూడు షిఫ్టులకీ ట్రైనర్‌ని ఎక్కడి నుంచి తెస్తాం?

ఇప్పుడు షీట్. ఇవి ఏ కంపెనీ లెక్కలూ కావు, చేత్తో గుణించుకోవడానికి వీలుగా నేను అనుకున్న అంకెలు. 600 మంది ఆపరేటర్లు. ఏడాదికి ఒక్కొక్కరికి 4 గంటల రిఫ్రెషర్ శిక్షణ. జీతం, పీఎఫ్, బస్సు, క్యాంటీన్ అన్నీ కలిపి మనిషికి గంటకు రూ.150 పడుతుందనుకుందాం. క్లాస్‌రూమ్‌లో అయితే ఆ సమయం ఖరీదు రూ.3,60,000. అదే విషయాన్ని ఆన్‌లైన్లో పెడితే ఊకదంపుడు పోయి రెండున్నర గంటలకు కుదురుతుందనుకుంటే రూ.2,25,000. మిగిలింది రూ.1,35,000. వీడియోలు తీయడం, అనువాదాలు, కోర్సులు నడిపి రికార్డు చేసే ఎల్‌ఎంఎస్ సాఫ్ట్‌వేర్, అది సరిగ్గా పనిచేస్తుందని నిరూపించే వ్యాలిడేషన్, షాప్ ఫ్లోర్ పక్కన నాలుగు ట్యాబ్లెట్ కంప్యూటర్లు, అన్నీ కలిపి రూ.8 లక్షలు పెట్టామనుకోండి. ఆ పెట్టుబడి తిరిగి రావడానికి ఆరేళ్లు పడుతుంది. ఆరేళ్లలో ఆ ఎస్‌ఓపీలు ఒకటికి రెండుసార్లు మారతాయి, వీడియోలు మళ్లీ తీయాలి. ఫైనాన్స్ వాళ్లు ఈ షీట్ చూసి ‘కుదరదు సార్’ అంటారు. వాళ్లను తప్పు పట్టలేం, లెక్క అలాగే ఉంది.

సరిగ్గా ఇక్కడే ఎవరో ఒకరు ఆ గడి దగ్గరికి వస్తారు. రెండున్నర గంటల సమయం, రూ.2,25,000 అని ఉన్న గడి. ‘ఆన్‌లైనే కదా, ఇంటి దగ్గర చూసుకుంటారు’ అని అక్కడ సున్నా కొడతారు. అంతే, షీట్ మొత్తం పచ్చగా మారిపోతుంది. ఆదా ఏడాదికి రూ.3,60,000, రెండేళ్ల మీద కొద్ది నెలల్లో పెట్టుబడి వెనక్కి. సంతకాలు పడిపోతాయి.

నేను గతంలో పనిచేసిన ఒకచోట ఇది జరగడం కళ్లారా చూశాను. పేరు చెప్పను, అది ఇక్కడ అనవసరం. ఆ షీట్ వేసింది వేరే డిపార్ట్‌మెంట్, అమలు మా మీద పడింది. వద్దని మీటింగుల్లో చెప్పాను, మెయిళ్లు పెట్టాను, అప్పటికే బడ్జెట్ పాసైపోయింది. తర్వాత ఏం జరిగిందో వినండి. రాత్రి పదింటికి ఫోన్లకు మెసేజీలు, ‘మీ కోర్సు పెండింగ్‌లో ఉంది, రేపటిలోగా పూర్తి చేయండి’ అని. ఒకసారి నైట్ షిఫ్ట్ దిగినవాళ్లతో కలిసి కంపెనీ బస్సులో వచ్చాను. నా పక్కన కూర్చున్న ఫిల్లింగ్ ఆపరేటర్ సీటుకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు, చేతిలో ఫోన్, సౌండ్ లేదు, వీడియో నడుస్తోంది. బస్సు కుదిపినప్పుడల్లా కళ్లు తెరిచి బొటనవేలితో ‘నెక్స్ట్’ నొక్కి మళ్లీ మూసేస్తున్నాడు. రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషిని ఏమని తప్పుపడతాం? ఆ వీడియో చేతి తొడుగులు ఎప్పుడు మార్చుకోవాలి అన్నదాని మీద. అదే మనిషి ఆ రాత్రికి మళ్లీ సూక్ష్మజీవులు ఉండకూడని స్టెరైల్ ఏరియాలోకి వెళ్లాలి.

ప్యాకింగ్‌లో ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. ఇంటికెళితే వంట, పిల్లలు. చాలామందికి సొంతంగా స్మార్ట్‌ఫోన్ లేదు, ఉన్న ఒక్క ఫోనూ కొడుకు చదువుకో, భర్త పనికో వెళ్లిపోతుంది. ‘మేడమ్, మా అబ్బాయి చేత నొక్కించేశాను, పర్లేదా?’ అని ఒకావిడ మా ట్రైనర్‌ని అమాయకంగా అడిగింది. ఒక లైన్లో సూపర్‌వైజరే పదిమంది పాస్‌వర్డులు కాగితం మీద రాసుకుని, అందరి కోర్సులూ తనే పూర్తి చేసేశాడు. అతనికీ టార్గెట్ ఉంది మరి, నెలాఖరుకి నూటికి నూరు శాతం చూపించాలి. ఎలక్ట్రానిక్ సంతకం ఒక మనిషికే చెందాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అని 1997 నుంచీ ఉన్న ఎఫ్‌డీఏ పార్ట్ 11 రూలు చెబుతోంది. అంటే శిక్షణ లేకపోవడంతో ఆగలేదు, డేటా ఇంటెగ్రిటీ సమస్యను, అంటే రికార్డులు నమ్మలేని పరిస్థితిని కూడా మనమే డబ్బు పెట్టి కొనుక్కున్నాం. ఆడిట్లో రికార్డులు చూసినంతసేపూ బాగానే గడిచింది. తర్వాత ఆడిటర్ ఫ్లోర్ మీదికి వెళ్లి ఒక ఆపరేటర్‌ని మామూలు ప్రశ్న అడిగారు, ‘లైను మధ్యలో ఆగిపోతే ముందు ఏం చేస్తావు?’ అని. అతను నోట మాట రాక మా వైపు చూశాడు.

అందుకే అంటున్నాను, ఆ సున్నా అబద్ధం. ఆ గంట ఖర్చు ఎక్కడికీ పోలేదు, కంపెనీ ఖాతాలోంచి కార్మికుడి నిద్ర ఖాతాలోకి వెళ్లింది. చట్టం మాట కూడా చెప్పుకుందాం. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుల నుంచీ ఓవర్‌టైమ్‌కి రెట్టింపు వేతనం అన్నది మనకు తెలిసిన రూలే. షిఫ్ట్ తర్వాత మనం చేయించే శిక్షణని పనిగా లెక్కగడితే గంటకు రూ.150 కాస్తా రూ.300. అప్పుడు 600 మందికి రెండున్నర గంటలంటే రూ.4,50,000. క్లాస్‌రూమ్ కంటే ఎక్కువ. ఇక్కడున్న ఫైనాన్స్ మిత్రులను అడుగుతున్నాను, ఆ గడిలో మీ చేత్తో ఏ అంకె రాస్తారు?

ఒక్క మాట, మీలో ఎంతమంది కంపెనీల్లో ఈ చదువు షిఫ్ట్ రోస్టర్లో రాసి ఉంది? చేతులెత్తండి. సరే. ఎత్తనివాళ్లతోనే నాకు ఎక్కువ పని.

మరి యాజమాన్యాన్ని ఏం చెప్పి ఒప్పించాలి? సమయం ఆదా అని చెప్పి కాదు. ఆ దారిలో వెళితే పైన చూసిన ఆరేళ్ల లెక్క వస్తుంది, లేదంటే సున్నా వస్తుంది. మన దగ్గర ఇంకో పుస్తకం ఉంది, పద్ధతి తప్పిన ప్రతిసారీ రాసే డీవియేషన్ రిజిస్టర్. పోయిన ఏడాది డీవియేషన్లు తీయండి. కారణం దగ్గర ‘మానవ తప్పిదం’ అనీ, పరిష్కారం దగ్గర ‘ఆపరేటర్‌కి రీట్రైనింగ్ ఇచ్చాం’ అనీ రాసి మూసేసినవి పక్కన పెట్టండి. వాటిలో అదే తప్పు మళ్లీ వచ్చినవి ఏవో చూడండి. ఒక్కో దానికి దర్యాప్తుకి ఎంతమంది ఎన్ని గంటలు కూర్చున్నారు, బ్యాచ్ ఎన్నాళ్లు హోల్డ్‌లో ఉంది, చివరికి పారేశారా, రాయండి. ఇంజెక్టబుల్స్‌లో ఒక బ్యాచ్ పోతే ఎంత పోతుందో మీ ప్లాంట్ అంకె మీకు తెలుసు. ఆ ఒక్క బ్యాచ్ ముందు పైన అనుకున్న రూ.8 లక్షలు ఎంతో చూసుకోండి. ప్రపోజల్లో మొదటి పేజీ ఇదే కావాలి.

నిజాయితీగా ఇంకోటి కూడా రాయాలి. రీట్రైనింగ్ ఇచ్చాక కూడా అదే తప్పు వస్తోందంటే తప్పు మనిషిది కాకపోవచ్చు. సీసాలను వరసలో నడిపే పట్టీ, గైడ్ రైల్, వదులుగా ఉంటే ఎన్ని వీడియోలు చూపించినా సీసాలు పడుతూనే ఉంటాయి. వాటిని జాబితాలోంచి తీసేయండి, మెయింటెనెన్స్‌కి పంపండి. అలాగే క్లీన్‌రూమ్ దుస్తులు సరిగ్గా వేసుకోవడం చూసే గౌనింగ్ క్వాలిఫికేషన్, మందుకు బదులు సూక్ష్మజీవులు పెరిగే ద్రవం నింపి చూసే మీడియా ఫిల్ లాంటివి మనిషి స్వయంగా ఫ్లోర్ మీద చేసి చూపించాల్సినవి, వాటిని ఆన్‌లైన్ లెక్కలో కలపకండి. పాతిక మందికి ఒక్కసారే చెప్పాల్సిన విషయమైతే క్లాస్‌రూమే చవక, అది కూడా రాయండి. ఇలా రాసిన ప్రపోజల్‌ని ఫైనాన్స్ వాళ్లు నమ్ముతారు.

ఒక చిన్న సంగతి చెప్పాలి, టైమ్ అయిపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు, రెండు నిమిషాలు ఇవ్వండి సార్. ప్యాకింగ్‌లో కొత్త బ్యాచ్‌కి ముందు లైను పూర్తిగా ఖాళీ చేసే లైన్ క్లియరెన్స్ మీద తెలుగు వీడియో తీశాం. పాత బ్యాచ్ కార్టన్ గానీ, లోపల పెట్టే కాగితం గానీ ఒక్కటి మిగిలిపోయినా వేరే మందు పెట్టెలోకి వెళ్లే ప్రమాదం ఉంది కదా, దాని మీద. ఈసారి షిఫ్ట్ లోపలే, లైను మార్చే సమయంలో, పదిమందిని ట్యాబ్లెట్ ముందు కూర్చోబెట్టాం. అందులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒకావిడ మొత్తం చూసి, ‘సార్, బెల్టు పైన చూపించారు, కింద ట్రే చూపించలేదేంటి? కాగితాలు దొరికేది అక్కడే కదా’ అంది. వెంటనే వెళ్లి చూశాం. నిజంగానే కన్వేయర్ కింద ట్రే మూలన ఒక మడత కాగితం ఇరుక్కుని ఉంది. ఎస్‌ఓపీలో ఆ ట్రే మాటే లేదు. వీడియో మళ్లీ తీశాం, ఎస్‌ఓపీ మార్చాం. నిద్రమత్తులో బస్సులో ‘నెక్స్ట్’ నొక్కి ఉంటే ఆవిడ ఆ మాట అనేదా? మెలకువగా, జీతం వచ్చే గంటలో, పక్కవాళ్లతో కూర్చుని చూసింది కాబట్టి అడిగింది. శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లో చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు ఏం ఒరిగింది. మన ఎల్‌ఎంఎస్ రిపోర్టు చెప్పే ‘పూర్తయింది’ అన్నది ఆ మొదటి మెట్టు కూడా కాదు.

ప్లాంట్ హెడ్లకు నా విన్నపం ఇది. మొత్తం ప్లాంట్ వద్దు, ఒక్క లైను ఇవ్వండి, ఆరు నెలలు. షిఫ్ట్ మొదట్లో వారానికి ఇరవై నిమిషాలు రోస్టర్లో రాయండి, కాంట్రాక్ట్ వాళ్లకు కూడా, ఎందుకంటే లైను మీద సగం చేతులు వాళ్లవే. ఆ ఇరవై నిమిషాల ఉత్పత్తి నష్టాన్ని ఖర్చు గడిలో నిండుగా వేయండి. పక్క లైనుతో డీవియేషన్లు పోల్చండి, మధ్యలో మెషీన్ మారినా, మనుషులు మారినా అదీ రాసుకోండి. తగ్గకపోతే ఆపేయండి, నేనేమీ అనను. అలాంటి ప్రపోజల్ ఎవరు తెచ్చినా, ఏ కంపెనీ అయినా సరే, కూర్చుని లెక్కలు చూడటానికి నేను సిద్ధం. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ప్రశ్నలు ముందు వరస నుంచే మొదలుపెడదాం, ఆ ఇరవై నిమిషాలు ఇవ్వగలిగింది వాళ్లే.