ఫుట్‌బాల్ ఆసియా కప్‌ల ఇండియా: 16 మ్యాచ్‌ల లెక్క

[తెర మీద: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్, పొద్దున. చాయ్ బండి కాడ పేపర్ చదువుతున్న మనుషులు.]

ఈ సెంటర్ల నిలబడి "ఆసియా కప్‌ల మనోళ్లు ఎట్ల ఆడిన్రు?" అని అడిగితే అందరూ క్రికెట్ సంగతే చెప్తరు. ఫుట్‌బాల్‌కు కూడా ఆసియా కప్ ఉన్నది, 1956లనే మొదలైంది. ఇగ ఫుట్‌బాల్ చూసేటోళ్లల్ల ఇంకో పొరపాటు నడుస్తుంటది: "ఇండియా రెండుసార్లు ఆసియా ఛాంపియన్ గద!" అంటరు. అది ఆసియా క్రీడల ముచ్చట. 1951ల ఢిల్లీల, 1962ల జకార్తాల బంగారు పతకం వచ్చింది. ఆ రెండు జట్లకూ కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆసియా కప్ మాత్రం మనం ఒక్కసారి కూడా గెలవలే.

[తెర మీద: నల్లబోర్డు. సుద్దముక్కతో రాస్తున్న చెయ్యి.]

లెక్క ముందే రాసుకుందాం. ఐదుసార్లు అసలు టోర్నీ దాకా పోయినం: 1964, 1984, 2011, 2019, 2023. మొత్తం 16 మ్యాచ్‌లు. గెలిచినవి 3, డ్రా 1, ఓడినవి 12. కొట్టిన గోల్స్ 12, తిన్న గోల్స్ 33. ఈ అంకెలు చూసి మనసు చిన్నబోతది, నిజమే. గని ఒక్కో అంకె వెనుక ఏం జరిగిందో తెలిస్తేనే మన జట్టు ఎక్కడ ఆగిపోతున్నదో కనిపిస్తది.

1964. ఇజ్రాయెల్‌ల జరిగింది, ఆడినవి నాలుగే జట్లు. ఇక్కడ అందరూ తప్పు చెప్పే మాట ఒకటున్నది: "ఫైనల్ల ఓడిపోయినం" అంటరు. అసలు ఫైనలే లేదు. నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడినయి, ఎక్కువ పాయింట్లు వచ్చినోళ్లకు కప్పు. మనకు రెండో స్థానం వచ్చింది. అప్పట్ల గెలుపుకు 2 పాయింట్లే. మనం క్వాలిఫయింగ్ (అర్హత మ్యాచ్‌లు) ఆడకుండనే పోయినం, ఎందుకంటే మన జోన్ల మిగతా జట్లన్నీ తప్పుకున్నయి. అట్లని ఆ రెండో స్థానాన్ని తేలిగ్గ తీసేయొద్దు. మే 27న మొదటి మ్యాచ్‌ల 2-0తో ఓడగొట్టింది దక్షిణ కొరియాను. 1956, 1960 కప్పులు రెండూ కొరియావే! ఒక గోల్ అప్పలరాజుది, ఇంకోటి ఇందర్ సింగ్‌ది. నెహ్రూ చనిపోయింది కూడా ఆ రోజే. రెండు రోజులకు ఇజ్రాయెల్ చేతుల 0-2తో ఓడినం, కప్పు అక్కడ్నే పోయింది. జూన్ 2న హాంకాంగ్ మీద 3-1. కెప్టెన్ చునీ గోస్వామి. రహీమ్ సాబ్ తయారు చేసిన తరమే అది, గని అప్పటికి ఆయన లేడు. 1963 జూన్‌ల చనిపోయిండు.

ఆ తర్వాత 20 ఏండ్లు ఖాళీ. 1984ల సింగపూర్ పోయినం. నాలుగు మ్యాచ్‌లు, ఒక్క గోల్ కొట్టలే, ఏడు తిన్నం. ఇరాన్‌తో 0-0 డ్రా ఒక్కటే దక్కింది. బోర్డు మీద ఉన్న ఆ ఒక్క డ్రా అదే.

[తెర మీద: హైదరాబాద్ ఎల్బీ స్టేడియం. వాన.]

మల్ల 27 ఏండ్ల గ్యాప్. ఈసారి తలుపు తెరుచుకున్నది మన పక్కనే. 2008ల ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సంఘం) ఛాలెంజ్ కప్ ఇండియాల జరిగింది. ఇంకా ఎదుగుతున్న జట్ల కోసం పెట్టిన పోటీ అది, గెలిచినోళ్లకు నేరుగ ఆసియా కప్ టికెట్. మన గ్రూపు మ్యాచ్‌లు హైదరాబాద్‌ల, వానాకాలంల జరిగినయి. ఆగస్టు 13న ఢిల్లీల ఫైనల్, తజికిస్తాన్ మీద 4-1, సునీల్ ఛెత్రి హ్యాట్రిక్. అయితే దీంట్ల ఒక మెలిక ఉన్నది. టికెట్ వచ్చింది 2008 ఆగస్టుల, టోర్నీ 2011 జనవరిల. ఆ మధ్యల మిగతా జట్లు క్వాలిఫయర్లు ఆడుకుంట గట్టిపడ్డయి, మనకు ఆ గట్టి మ్యాచ్‌లు దొరకలే. ఖతర్‌ల ఆస్ట్రేలియాతో 0-4, బహ్రెయిన్‌తో 2-5, కొరియాతో 1-4. మూడు మ్యాచ్‌లకు 13 గోల్స్. దగ్గరి దారి దొరికినా ఒళ్లు గట్టిపడలే. మా లెక్కల ఈ ఓటమికి అసలు కారణం ఇదే.

[తెర మీద: గ్రూప్ ఏ పట్టిక, 2019.]

ఇగ 2019. ఇక్కడ జర నిదానంగ పోదాం, మన ఆసియా కప్ చరిత్రల అన్నిటికన్న ఎక్కువ నేర్పేది ఇదే.

అప్పటికి జట్లు 24 అయినయి. ఆరు గ్రూపులు, ఒక్కోదాంట్ల నాలుగు. మొదటి రెండు స్థానాలు ముందుకు, మూడో స్థానమొచ్చినోళ్లల్ల మంచి లెక్క ఉన్న నలుగురు కూడా ముందుకు. జనవరి 6న అబుదాబిల థాయ్‌లాండ్ మీద 4-1 గెలిచినం. ఛెత్రి రెండు, అనిరుధ్ థాపా ఒకటి, జెజె ఒకటి. 1964 తర్వాత ఆసియా కప్‌ల అదే మొదటి గెలుపు, 55 ఏండ్లకు! తెల్లారి థాయ్‌లాండ్ తన కోచ్‌ను తీసేసింది. రెండో మ్యాచ్ యూఏఈతో 0-2. ఆ స్కోరు చూసి తేల్చొద్దు, మనోళ్ల బంతి క్రాస్‌బార్‌కు (గోల్ మీది అడ్డకర్రకు) తగిలి వెనక్కి వచ్చింది.

జనవరి 14, షార్జా, బహ్రెయిన్. మ్యాచ్‌కు ముందు పట్టిక ఇట్ల: యూఏఈ 4, ఇండియా 3, థాయ్‌లాండ్ 3, బహ్రెయిన్ 1. మనకు డ్రా చాలు. అదే టైముకు ఆడిన యూఏఈ, థాయ్‌లాండ్ మ్యాచ్ 1-1 అయింది. అంటే మనది కూడా డ్రా అయితే మనకు 4, థాయ్‌లాండ్‌కు 4. పాయింట్లు సమానమైతే ముందు చూసేది మొత్తం గోల్స్ తేడా కాదు, ఆ ఇద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచిన్రన్నది. గెలిచింది మనం. గ్రూప్‌ల రెండో స్థానం, నేరుగ నాకౌట్!

89 నిమిషాలు 0-0 కాపాడిన్రు. 90వ నిమిషంల మన బాక్సుల (గోల్ ముందట గీసిన గీతల లోపల) బహ్రెయిన్ ఆటగాడి కాలికి మనోడి కాలు తగిలింది. రెఫరీ పెనాల్టీ ఇచ్చిండు. జమాల్ రాషెద్ కొట్టిండు, 0-1. ఆ ఒక్క గోల్‌తో మనం రెండో స్థానం నుంచి నాలుగో స్థానానికి పడిపోయినం. మన లెక్క 3 పాయింట్లు, కొట్టినవి 4, తిన్నవి 4. అదే టోర్నీల వియత్నాం కూడా 3 పాయింట్లే తెచ్చుకున్నది, 4 కొట్టి, మన కన్న ఒకటి ఎక్కువ, 5 తిన్నది. గని వాళ్లది గ్రూప్‌ల మూడో స్థానం, అందుకే ముందుకు పోయి క్వార్టర్ ఫైనల్ దాకా ఆడిన్రు.

ఆ 90వ నిమిషంల తప్పు ఎక్కడ? చాలాసేపటి నుంచి జట్టు మొత్తం సొంత బాక్సు ముందే కూసున్నది. బంతి దొరికితే దూరంగ తన్నుడు, అది మల్ల వాళ్లకే పోవుడు. బంతి పదే పదే బాక్సులకు వస్తుంటే అలసిన కాలు ఎప్పుడో ఒకప్పుడు లేటుగ పడుతది. డ్రా కోసం ఆడేటప్పుడు కూడా ఒక మనిషి ముందట బంతి పట్టి నిలబెట్టాలె, డిఫెండర్లకు ఊపిరి దొరకాలె.

2023 కప్పు ఖతర్‌ల 2024 జనవరిల మొదలైంది. ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్తాన్‌తో 0-3, సిరియాతో 0-1. గోల్ సున్నా. ఆస్ట్రేలియాను సగం ఆట దాకా 0-0ల ఆపిన్రు. 50వ నిమిషంల క్రాస్ (పక్కనుంచి బాక్సులకు కొట్టే బంతి) వచ్చింది, మన కీపర్ గుర్‌ప్రీత్ పిడికిలితో కొట్టిన బంతి దూరం పోలే, బాక్సుల ఉన్న ఆస్ట్రేలియా ఆటగాడు ఇర్విన్ కాలు దగ్గర పడ్డది. గోల్.

2027 క్వాలిఫయర్లల్ల గ్రూప్‌ల మొదటి జట్టుకే టికెట్. షిల్లాంగ్‌ల బంగ్లాదేశ్‌తో 0-0. హాంకాంగ్‌ల ఆఖరి క్షణాలల్ల మల్ల పెనాల్టీ, 0-1. ఈసారి మన కీపర్ పిడికిలి బంతికి తగలక ఎదుటోడికి తగిలింది. సింగపూర్‌తో అక్కడ 1-1, 2025 అక్టోబర్ 14న గోవాల 1-2. అక్కడితో దారి మూసుకుపోయింది.

[తెర మీద: పొద్దున కాలేజీ గ్రౌండు. గోల్‌పోస్టు కాడ పిల్లలు, నాలుగు చెప్పుల జతలతో గీసిన బాక్సు.]

నల్లగొండలనో, పాలమూరులనో పిల్లలకు ఆట నేర్పేటోళ్లు ఈ రెండు తప్పులను గ్రౌండుల సరిచేయొచ్చు. కీపర్‌కు కుడి నుంచి పది, ఎడమ నుంచి పది క్రాసులు ఎయ్యండి. రెండు పిడికిళ్లు కలిపి కొట్టాలె, బంతి వచ్చిన దిక్కుకు, లేకుంటే టచ్‌లైన్ (గ్రౌండు పక్క గీత) వైపుకు పోవాలె. బాక్సు నడిమిట్ల పడితే ఆ క్రాస్ మల్ల మొదటికెల్లి. చూపు బంతి మీదనే ఉండాలె, మీదికొచ్చే మనిషి మీద కాదు. డిఫెండర్‌కు ఇంకోటి: బాక్సుల ఒకడి మీద ఒకడు ఆడే ఆట పెట్టి, కాలు చాపకుండ, పక్కకు జరుగుకుంట అవతలోడిని గోల్‌కు దూరంగ తోలమని చెప్పండి. ఇది ప్రాక్టీస్ మొదట్ల కాదు, గంటన్నర ఉరికి కాళ్లు బరువెక్కినంక చివరి పది నిమిషాలల్ల చేయించండి. షార్జాల కాలు లేటుగ పడ్డది కూడా అప్పుడే.