వలస కూలీల బతుకుతో ఫోరం నాటకం: కట్టడం, ఆడించడం

నమస్కారం అండీ. ఇటుక బట్టీలో పనిచేసే వలస కుటుంబాలతో, ఆ బట్టీ పక్కన ఉండే ఊరివాళ్లతో కలిసి ఫోరం నాటకం ఎలా కట్టాలో ఈరోజు చూద్దాం. నాటకం పది నిమిషాలే. ఆ తర్వాత గంటసేపు జనం ఆడతారు. స్టేజీ, మేకప్ ఏమీ అక్కర్లేదు, చెట్టుకింద కాస్త జాగా చాలు.

పద్ధతి చెప్తాను. నాటకం ఓటమితో ఆగిపోతుంది. వెంటనే మొదటినుంచి మళ్లీ వేస్తాం. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అనొచ్చు. అన్న మనిషి లేచొచ్చి, అన్యాయం జరుగుతున్న పాత్రలో నిలబడి, తనైతే ఏం చేస్తారో చేసి చూపించాలి. ఎదుటి నటులు మాత్రం అంత తేలిగ్గా లొంగకూడదు.

దీన్ని తయారుచేసింది బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్. మొదట్లో ఆయన బృందం పేద రైతుల ఊళ్లకు వెళ్లి, భూమి కోసం రక్తం ధారపోద్దాం అని పాడేది. ఒకసారి ఒక రైతు నిజంగానే నమ్మి, మీ తుపాకులు తీసుకుని మాతో రండి, భూస్వామి మనుషుల మీదికి పోదాం అన్నాడు. ఇవి నాటకం తుపాకులు, పేలవు అని చెప్పుకోవాల్సి వచ్చింది వీళ్లకి. అంటే మీరు ధారపోయమన్నది మా రక్తమే అన్నమాట అని ఆ రైతు తేల్చేశాడు. తాము మోయని ప్రమాదాన్ని ఇంకొకరిని మోయమని చెప్పకూడదని బోల్‌కి అక్కడ తెలిసింది. మీరు రిహార్సల్‌కి వెళ్లేముందు ఈ సంగతి మీ బృందానికి తప్పకుండా చెప్పండి. మనం ఆడి వెళ్లిపోతాం. తెల్లారి అదే బట్టీలో పనికి దిగేది వాళ్లు.

అందుకే కథ మీరు రాసుకుని పోవద్దు. ముందు కూర్చోండి, వినండి. పశ్చిమ ఒడిశాలో, బలాంగీర్, నువాపడా వైపు, నువాఖాయి అనే కొత్త పంట పండగ వెళ్లాక సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీలు, అడ్వాన్సు ఇస్తారు. ఆ డబ్బు తీసుకున్న కుటుంబాలు మన తెలంగాణ బట్టీలకి వచ్చి ఎండాకాలం దాకా ఇటుక కోస్తాయి. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. భాష కలవదు కదా, ఎలా అంటారా? మాటలు లేకుండా మొదలుపెట్టండి. "మీకు అవమానం జరిగిన ఒక క్షణాన్ని మీ ఒంటితో చూపించండి, కదలకుండా నిలబడండి" అని చేసి చూపించండి. బోల్ 1973లో పెరూలో, మాతృభాషలు వేరువేరైన జనంతో అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేసినప్పుడు ఒంటితో ఇలాంటి కదలని బొమ్మలే కట్టించాడు. ఆ బొమ్మల్లోంచి మీకు సన్నివేశం దొరుకుతుంది.

ఇలాంటిది అనుకుందాం. పిల్లకి జ్వరం. తల్లి ఆస్పత్రికి తీసుకెళ్తానంటుంది. "వెళ్లు, నీ మొగుడు ఇక్కడే ఉంటాడు, అడ్వాన్సు తీరలేదు" అంటాడు సూపర్‌వైజరు. సర్దార్ నేలచూపులు చూస్తాడు. ఆమె రోడ్డు మీది కిరాణా కొట్టుకి పరుగెత్తి సాయం అడుగుతుంది. కొట్టాయన "ఒడియావాళ్లతో మనకెందుకు" అని మొహం తిప్పుకుంటాడు. నాటకం అక్కడ ఆగాలి. ఓదార్చే పాట పెట్టకండి. కథ మంచిగా ముగిస్తే జనం చప్పట్లు కొట్టి లేచిపోతారు.

ఇక నడిపించే మనిషి. ఆ మనిషిని జోకర్ అంటారు. మన వీధి నాటకాల్లో మాదిరిగా మంచి చెప్పడం ఈ మనిషి పని కాదు, ప్రశ్న వేయడమే పని. ఒకమ్మాయి వచ్చి 108కి ఫోన్ చేస్తానంటుంది. "బాగుంది, చెయ్యమ్మా. ఎక్కడున్నావో తెలుగులో ఎలా చెప్తావు?" అనాలి జోకర్. ఇంకొకాయన వచ్చి, అప్పు చూపించి మనిషిని కట్టేయడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం అంటాడు. మాట నిజమే. కానీ సూపర్‌వైజరు పాత్రధారి "అయితే తహసీల్దారు దగ్గరికి పో" అని నవ్వాలి. అప్పుడు జనాన్ని అడగండి: ఎవరు పోతారు, ఎవరు తోడు వెళ్తారు, ఆ పూట కూలి ఎవరిస్తారు?

సూపర్‌వైజరు పాత్రలోకి ఎవరొచ్చినా ఒప్పుకోకండి. అతన్ని మంచివాణ్ని చేసేస్తే సమస్యే మాయమైపోతుంది. కొట్టాయన పాత్రలోకి మాత్రం రానివ్వండి. ఊరివాళ్లకి అందులోనే పని ఉంది. పెద్దపల్లి వైపు ఊళ్లలో ఆడుతుంటే గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లని వెతికి ముందు కూర్చోబెట్టుకోండి. పాస్‌పోర్టు కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర ఉంటే ఏమవుతుందో, అరబ్బీ రాక ఆస్పత్రిలో ఎలా నిలబడతారో వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. "అన్నా, అక్కడ నీకెవరు సాయం చేశారు?" అని జోకర్ ఒక్క మాట అడిగితే, ఆ కొట్టాయన పాత్రలోకి వాళ్లే లేచొస్తారని నా నమ్మకం.

జాగ్రత్తలు. నిజమైన బట్టీ పేరు, యజమాని పేరు నాటకంలో రాకూడదు. తన కథ చెప్పిన మనిషి చేతే ఆ పాత్ర వేయించకండి, బలవంతం అసలే వద్దు. ఫోన్లలో వీడియో తీయొద్దని మొదటే చెప్పండి. సూపర్‌వైజరు వచ్చి నిలబడితే ఏం చేయాలో కూలీలతో ముందే మాట్లాడుకోండి. ఆపేద్దామని వాళ్లంటే ఆపేయాలి.

ఇంకోటి, ఒక్కసారి ఆడి వదిలేయకండి. పశ్చిమ బెంగాల్లో 1985 నుంచి పనిచేస్తున్న, ఇలాంటి ఫోరం నాటకాలే ఆడే జన సంస్కృతి బృందం వెళ్లిన ఊరికే మళ్లీ మళ్లీ వెళ్తుంది. జనం వేసిన ఎత్తులన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి, తోడు వస్తామన్నవాళ్ల పేర్లు వాళ్లని అడిగి రాసుకోండి. రెండో ఆట ఏ రోజో అక్కడే అందరితో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఆ రోజు కొట్టాయన పాత్రతోనే నాటకం మొదలుపెట్టండి.