ఖరీదైన మెకానికల్ కీబోర్డు: డబ్బు దేనికి పెడుతున్నాం?

[దృశ్యం: బల్లమీద కీక్రాన్ క్యూ1, పక్కనే ఆఫీసుల్లో కనిపించే మామూలు కీబోర్డు]

నమస్కారం. మామూలు కీబోర్డులో సాధారణంగా అన్ని మీటల కిందా ఒకే రబ్బరు పొర పరచి ఉంటుంది. 2021లో వచ్చిన, కీక్రాన్ సంస్థ మెకానికల్ కీబోర్డు అయిన ఈ క్యూ1లో మాత్రం ప్రతి మీటకూ సొంత స్ప్రింగు ఉన్న స్విచ్ ఒకటి ఉంటుంది.

[దృశ్యం: ఒక మీట మెల్లగా కిందికి దిగుతూ, బాగా దగ్గరగా]

నేను ఇందులో చెర్రీ అనే సంస్థ చేసే ఎంఎక్స్ రెడ్ రకం స్విచ్‌లు పెట్టుకున్నాను. ఈ మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది గానీ 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడుతుంది కాబట్టి, అడుగుదాకా గుద్దనవసరం లేదని వేళ్లకు అలవాటైతే రోజంతా టైపు చేసేవారికి శ్రమ తగ్గుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషల కోసం ప్రామాణికంగా చేసిన మీటల అమరికలో, తెలుగు కొట్టేవారికి ఇది మరీ తెలుస్తుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు మీటలు నొక్కాలి, అందులో పొల్లు ఉండే డి మీటను రెండుసార్లు. ఒత్తులు ఇన్ని ఉన్న భాషలో ఆ మీటకు తీరిక ఉండదు.

[దృశ్యం: డి మీట తొడుగు తీసి, స్విచ్‌ను పీకడం]

ఆ మీట కింది స్విచ్ పాడైతే కీబోర్డును పారేయనక్కర లేదు, టంకం పని కూడా లేదు. ఆ ఒక్క స్విచ్‌ను పీకి కొత్తది గుచ్చితే చాలు. నా మటుకు, పెట్టిన డబ్బుకు అసలైన జవాబు ఇదే. గుచ్చేటప్పుడు దాని రెండు లోహపు కాళ్లూ నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తొందరపడి నేను ఒకటి వంచుకున్నాను.

ఇక ఇబ్బందుల సంగతి. అల్యూమినియం చట్రం వల్ల బరువు ఒకటిన్నర కిలోలు దాటుతుంది, రోజూ సంచిలో మోసేవారికి ఇది పనికిరాదు. ముందు అంచు ఎత్తుగా ఉండటంతో మణికట్టు పైకి వంగుతుంది, దాని కింద పెట్టుకునే దిమ్మెను వేరుగా కొనుక్కోవాలి. టిక్కుమనే బ్లూ స్విచ్‌లు ఎంచుకున్నారంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మీటల మీద తెలుగు అక్షరాలు కూడా ఉండవు: కీబోర్డు పంపేది ఏ మీట నొక్కామన్న సంకేతమే, దాన్ని తెలుగుగా మార్చేది కంప్యూటరు.

[దృశ్యం: ప్లాస్టిక్ చట్రమున్న కీబోర్డు]

అదే సంస్థ ప్లాస్టిక్ చట్రంతో తెచ్చిన వీ1 ధర ఇంతకన్నా బాగా తక్కువ. స్విచ్‌లు అందులోనూ ఇలాగే ఊడి వస్తాయి, ఏ మీట ఏ పని చేయాలో అందులోనూ మార్చుకోవచ్చు. క్యూ1కి అదనంగా ఇచ్చేదంతా బల్లమీద కదలని ఆ నిలకడకూ, గుల్లగా మోగని ఆ చప్పుడుకూ. పగలంతా టైపింగే వృత్తి అయితే తప్ప నేను వీ1 వైపే మొగ్గుతాను. ఇంకా చవకైనది చూసేవారు మాత్రం స్విచ్ గుంటలు ఎన్ని కాళ్లవో ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఐదు కాళ్ల స్విచ్ (రెండు లోహపు కాళ్లతో పాటు ప్లాస్టిక్ కాళ్లనూ కలిపి లెక్క) మూడు కాళ్ల గుంటలో అలాగే దిగదు.