ఈ అనిమే బాక్సుకు ఇంత ధరా? హనుమకొండ పెళ్లి కార్డుల షాపులో తేలిన లెక్క

[టేబుల్ మీద రెండు పెట్టెలు: ఒకటి పెళ్లి పత్రిక, ఇంకోటి అనిమే కలెక్టర్స్ ఎడిషన్]

నమస్తే. ఎడమ పక్కన ఉన్నది ఈ మధ్య మా చుట్టాలింట్లో జరిగిన పెళ్లి పత్రిక. మూత తీస్తే పైన గణపతి, కింద డ్రైఫ్రూట్స్ గళ్లు, అడుగున ఎక్కడో పెళ్లి ముహూర్తం. కుడి పక్కన ఉన్నది నేను జపాన్ నుంచి తెప్పించుకున్న అనిమే బాక్సు, అంటే అక్కడి యానిమేషన్ సిరీస్ డిస్కులు, పుస్తకం కలిపి ఫ్యాన్స్ కోసం చేసిన పెట్టె. రెండింటినీ పట్టుకుని హనుమకొండ చౌరస్తా దగ్గర మా మేనమామ షాపుకు వెళ్లాను. ఆయనది పెళ్లి కార్డుల ప్రింటింగ్.

మామ అనిమే బాక్సు మూలలు బొటనవేలితో తడిమాడు. మూత తీసి లోపల అంటించిన చోటు చూశాడు. "కప్పా బోర్డు, అంటే గట్టి అట్ట. మీద ఆర్ట్ పేపర్ చుట్టిండ్రు, మ్యాట్ లామినేషన్, రాగి రంగు ఫాయిల్. వెయ్యి చేస్తే ఒక్కో డబ్బ మూడు నాలుగు వందలల్ల పడ్తది" అన్నాడు. ఎంత పెట్టి కొన్నావని అడిగాడు. కొరియర్, కస్టమ్స్ కలిపి 11 వేలు అని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మీ అమ్మకు చెప్పినవా?" అన్నాడు.

చెప్పలేదు. కానీ మామ వేసిన అంచనాకు, నేను కట్టిన డబ్బుకు మధ్య ఉన్న తేడా ఎటు పోయిందో ఈ వీడియోలో చూద్దాం. రేపు మన దగ్గరే ఎవరైనా లైసెన్స్ తీసుకుని తెలుగు ఫ్యాన్స్ కోసం ఇలాంటి బాక్సు తెస్తే, దాన్ని ఎలా చేయాలి, ఎంతకు అమ్మాలి అనేది కూడా.

[మామ షాపు. ఫాయిల్ మెషిన్ క్లోజప్]

ముందు పెళ్లి కార్డు సంగతి. ఆఫ్‌సెట్‌లో రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే నాలుగు ప్లేట్లు కావాలి: నీలం, గులాబీ, పసుపు, నలుపు. బంగారు ఫాయిల్‌కు లోహపు బ్లాక్ వేరే చేయించాలి. పెట్టె ఆకారం కోయడానికి డై వేరే. మెషిన్ మీద రంగు కుదిరే దాకా పోయే కాగితం వేరే. ఇవన్నీ 100 కార్డులకైనా అంతే, 1,000 కార్డులకైనా అంతే. మామ మాటల్లో చెప్పాలంటే: "అల్లుడూ, పైసలన్నీ మొదటి కార్డుకే పోతయ్. తర్వాతియన్నీ కాయితం ఖర్చే."

అనిమే బాక్సులోనూ ఇదే లెక్క. కాకపోతే ఇక్కడ మొదటి కార్డు చాలా ఖరీదు. లైసెన్స్ ఇచ్చే జపాన్ సంస్థకు అమ్మకాలతో పని లేకుండా ముందే కట్టాల్సిన సొమ్ము ఉంటుంది. దాన్ని మినిమమ్ గ్యారంటీ అంటారు. రాయల్టీని అందులోంచి మినహాయించుకుంటూ పోతారు, అది దాటాక అమ్మే ప్రతి కాపీకి మళ్లీ కట్టాలి. ఆ పైన అనువాదం, సబ్‌టైటిల్స్, డిస్క్ మెనూలు, ఫ్యాక్టరీలో మాస్టర్ (డిస్కులన్నీ అచ్చయ్యే మూల ప్రతి) తయారీ. ప్రెస్ చేసి అమ్మే బ్లూ-రే సినిమా డిస్కులకు ఏఏసీఎస్ అనే కాపీ రక్షణ తప్పనిసరి, దాని ఫీజు కూడా ఇందులోదే.

మరి జపాన్‌లో ధరలు ఇంకా ఎక్కువ ఎందుకు? అక్కడ చాలా ఏళ్లపాటు ఒక్కో డిస్కులో రెండే ఎపిసోడ్లు పెట్టి 6,000 నుంచి 8,000 యెన్లకు అమ్మారు. 12 ఎపిసోడ్ల సిరీస్ కావాలంటే ఆరు డిస్కులు కొనాలి. మన కంటికి దోపిడీలా కనిపిస్తుంది, కానీ దీని వెనక ఒక కారణం ఉంది. 1983 డిసెంబరులో వచ్చిన డాలోస్ అనే అనిమేతో, టీవీకీ థియేటర్‌కూ కాకుండా నేరుగా క్యాసెట్ కొనేవాళ్ల కోసమే అనిమే తీయడం అక్కడ మొదలైంది. తర్వాత అర్ధరాత్రి అనిమేలు వచ్చాయి. ప్రొడక్షన్ కమిటీ, అంటే ఒక సిరీస్‌కు కలిసి పెట్టుబడి పెట్టే కంపెనీల గుంపు, అందులోని కంపెనీలే టీవీ సమయం కొని ప్రసారం చేయించేవి, పెట్టుబడిని డిస్కుల మీద రాబట్టుకునేవి. అంటే టీవీలో వచ్చింది దాదాపు ప్రకటన లాంటిది, అసలు సరుకు డిస్కు. ఆ 7,000 యెన్లలో ఉన్నది అచ్చు ఖర్చు కాదు, ఆ సిరీస్ తీసిన ఖర్చులో ఫ్యాన్ వాటా. ఇప్పుడు స్ట్రీమింగ్, విదేశీ హక్కుల డబ్బు వచ్చాక పెట్టుబడి రాబట్టే భారం డిస్కు మీద తగ్గింది. ధర అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

మన దగ్గర బాక్సు తెచ్చేవాడికి ఆ తీసిన ఖర్చు ఉండదు. కాబట్టి జపాన్ ధర చూసి ఇక్కడ ధర పెట్టేవాడిని నమ్మకండి.

[స్క్రీన్ మీద లెక్క]

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. అంకెలు నావి, విషయం అర్థం కావడానికే. లైసెన్స్, అనువాదం, డిజైన్, మాస్టర్, ప్లేట్లు, డైలు అన్నీ కలిపి ఒక్కసారి అయ్యే ఖర్చు 12 లక్షలు. ఆపైన ఒక్కో బాక్సుకు రెండు డిస్కులు, పుస్తకం, పెట్టె, ప్యాకింగ్ కలిపి 1,100. 500 బాక్సులు చేస్తే ఒక్కోటి 3,500 పడుతుంది. 1,000 చేస్తే 2,300. 2,000 చేస్తే 1,700.

"అయితే 2,000 కొట్టిద్దాం" అనిపిస్తుంది కదా? ఇక్కడే మునిగేది. 2,000 బాక్సులకు 34 లక్షలు ముందే పెట్టాలి. మిగిలిపోయినవి గోడౌన్‌లో వానాకాలం చెమ్మకు వంకర పోతాయి. కప్పా బోర్డు చెమ్మను ఎలా పీల్చుకుంటుందో ఆగస్టులో మామ షాపుకు వస్తే చూపిస్తాను.

1,000 దగ్గర ఆగుదాం. ఎమ్మార్పీ 4,999 అనుకోండి. మన దేశంలో ఎమ్మార్పీ అంటే పన్నులు కలిపే. 18 శాతం జీఎస్టీ అనుకుంటే, అది తీశాక 4,236. అందులో షాపు 30 శాతం తీసుకుంటే మన చేతికి 2,965. పెట్టిన 23 లక్షలు తిరిగి రావాలంటే 776 బాక్సులు అమ్ముడుపోవాలి. 776వ బాక్సు దాకా లాభం అనే మాటే లేదు. అదే షాపు లేకుండా ప్రీఆర్డర్ పెట్టి, 150 రూపాయల కొరియర్ మనమే భరిస్తే ఒక్కోదానికి 4,086 వస్తుంది. 563 అమ్మితే చాలు. ప్రీఆర్డర్ కోసం కంపెనీలు ఎందుకంత బతిమాలతాయో చూశారా? డబ్బు ముందు రావడం ఒకటి, ఎన్ని చేయాలో తెలియడం ఇంకోటి. రెండోదే పెద్దది.

పన్ను గురించి ఒక చిన్న మెలిక. అచ్చు పుస్తకం విడిగా అమ్మితే జీఎస్టీ లేదు. కానీ వేర్వేరు రేట్లున్న వస్తువులను కలిపి ఒకే ధరకు అమ్మితే, సాధారణంగా వాటిలో ఎక్కువ రేటే మొత్తానికి పడుతుంది. అంటే డిస్కు పక్కన కూర్చున్న పాపానికి ఆర్ట్ బుక్ కూడా పన్ను కడుతుంది. బాక్సు ధర వేసే ముందు ఆడిటర్‌ను అడగడం మంచిది.

[తెల్ల డమ్మీ పెట్టె]

డిజైన్‌కు వద్దాం. అందరూ పైన బొమ్మతో మొదలుపెడతారు, మేమూ అలాగే చేశాం. మూడేళ్ల కింద నలుగురు స్నేహితులం కలిసి సొంత పాత్రలతో ఒక కామిక్ వేశాం. 64 పేజీలు, 100 కాపీలు, బయట స్లిప్‌కేస్, అంటే పుస్తకాన్ని లోపలికి దూర్చే అట్ట కేసు. బొమ్మ అదిరింది. పుస్తకం మాత్రం కేసులో దూరలేదు. కంప్యూటర్‌లో పేజీలు లెక్కబెట్టి వెన్ను మందం వేశాను, కవర్ మందం, లామినేషన్ మర్చిపోయాను. రెండు మిల్లీమీటర్లు. ఆ కేసులు ఇప్పటికీ మా ఇంట్లో పెన్నులు పెట్టుకోవడానికి వాడుతున్నాం.

అందుకే ముందు తెల్ల డమ్మీ. అచ్చు ఏమీ లేకుండా, నిజంగా వాడబోయే కాగితంతో, అవే పేజీలతో పుస్తకం కుట్టి, దాని చుట్టూ పెట్టె కట్టాలి. పేజీలు కూడా మన ఇష్టం కాదు. పెద్ద షీటు మీద అచ్చువేసి మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది. 96 పెట్టు, 112 పెట్టు, 100 పెట్టి కాగితం తగలేయకు.

జపాన్ బాక్సుల్లో నాకు బాగా నచ్చేది ఓబీ. పెట్టెకు అడ్డంగా చుట్టే కాగితపు పట్టీ, కిమోనో నడికట్టు పేరే దానికీ పెట్టారు. ధర, ప్రచారం మాటలన్నీ దాని మీద. పట్టీ తీస్తే కింద బొమ్మ శుభ్రంగా ఉంటుంది. బార్‌కోడ్, ఎమ్మార్పీ స్టిక్కర్ నేరుగా పెట్టె మీద వేయడం నా దృష్టిలో నేరమే. వెనక విడి కాగితం పెట్టి దాని మీద వేయొచ్చు, పైసల్లో పని.

ఇక లోపల ఏం పెట్టాలి? కీచైన్, బ్యాడ్జి, అక్రిలిక్ స్టాండ్, పోస్ట్‌కార్డులు, స్టిక్కర్లు... వీడియో తీసేటప్పుడు టేబుల్ నిండుగా కనిపిస్తుంది, రెండు నెలలకు సొరుగులోకి పోతాయి. ఆ డబ్బును నేనైతే రెండు చోట్ల పెడతాను.

ఒకటి డిస్కు. 24 నిమిషాల ఎపిసోడ్లు 12 అంటే 288 నిమిషాలు. 50 జీబీ డిస్కు ఒక్కదాంట్లో కుక్కితే సెకనుకు దాదాపు 23 మెగాబిట్లు వస్తాయి. రెండు డిస్కుల్లో సర్దితే బ్లూ-రే వీడియోకు గరిష్ఠంగా అనుమతించే 40 దాకా వెళ్లొచ్చు. అనిమేలో సాయంత్రపు ఆకాశం ఉంటుంది చూడండి, నారింజ నుంచి ఊదాకు మెల్లగా మారేది. డేటా సరిపోకపోతే అక్కడ చారలు చారలుగా కనిపిస్తుంది. పెట్టెకు ఫాయిల్ కొట్టి డిస్కులో చారలు ఇస్తే ఏం లాభం?

రెండోది పుస్తకం. అందమైన పోస్టర్లు కాదు, పని కాగితాలు. పాత్రల కొలతల షీట్లు, కీలక ఫ్రేముల పెన్సిల్ గీతలు, అన్నిటికంటే ముఖ్యంగా ఎకోంటే, అంటే స్టోరీబోర్డు. పైనుంచి కిందికి గళ్లు, ప్రతి గడి పక్కన కదలిక, మాట, ఎన్ని సెకన్లు. నాకది చూసినప్పుడల్లా చేర్యాల పటం గుర్తొస్తుంది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, మొన్న 2016 దాకా చేర్యాల మన వరంగల్ జిల్లాలోదే. ఎర్రటి నేల మీద వరసగా బొమ్మల గళ్లు, కథకులు పటం విప్పుకుంటూ పాడుకుంటూ పోయేవాళ్లు. పని అదే, కొలతలు వేరు.

ఆ చేర్యాల పటాల చేతిపనితో (దాన్నే నకాశీ అంటారు) 50 బాక్సులు ప్రత్యేకంగా చేయించొచ్చా? చేయించొచ్చు, కానీ దాని లెక్క వేరు. చేతిపనిలో 50వ దానికీ మొదటి దానంత సమయం పడుతుంది. కాబట్టి కళాకారుడికి ఎన్ని రోజులు పడుతుందో ముందు అడిగి, ఆయన చెప్పిన కూలి మీద ధర కట్టాలి. మన ధర ముందే అనుకుని ఆయన్ని అందులో ఇరికించకూడదు. ఏం గీయాలన్నా లైసెన్స్ ఇచ్చినవాళ్ల అనుమతి ముందు రావాలి.

కామెంట్లలో అడగబోతున్నారని తెలుసు: "అన్నా, మనమే ఫేవరెట్ క్యారెక్టర్ బాక్సులు కొట్టించి అమ్ముకుందామా?" లైసెన్స్ లేకుండా అమ్మితే అది కాపీరైట్ ఉల్లంఘన. జపాన్‌లో వండర్ ఫెస్టివల్ అనే బొమ్మల ఉత్సవం ఉంది. సొంతంగా బొమ్మలు చేసే అభిమానులకు అక్కడ ఆ ఒక్క రోజుకే లైసెన్స్ ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారు. మన దగ్గర అలాంటిది వస్తే మామ షాపు ముందు క్యూ నేనే కడతాను.

కొనేవాళ్లకు ఒక్క జాగ్రత్త. బ్లూ-రేకు మనది రీజియన్ సి, జపాన్‌ది రీజియన్ ఎ; ఒక రీజియన్‌కే లాక్ చేసిన డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడదు. ఆర్డర్ పెట్టే ముందు వెనక ముద్ర చూడండి. జపాన్ డిస్కులు చాలావాటిలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కూడా ఉండవు.

[షాపు కౌంటర్ మీద తెల్ల డమ్మీ]

ఈ వీడియో కోసం కట్టిన డమ్మీని మామ దగ్గరే వదిలేసి వచ్చాను. ఆయన దాన్ని కౌంటర్ మీద శాంపిళ్ల పక్కన పెట్టాడు. నిన్న కాజీపేట నుంచి వచ్చిన పెళ్లివాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ మోడల్ ఎంత పడ్తది?" అని అడిగారట.

మామ ధర చెప్పలేదు. "ఎన్ని కావాలె?" అని అడిగాడు.